ముందు పాఠం, ఆ తర్వాతే భవనం: ఆఫ్రికాలో వృత్తి శిక్షణ కేంద్రానికి విరాళం ఇచ్చేవారు తెలుసుకోవలసినవి

పుదుచ్చేరి: ఆఫ్రికాలోని ఒక పట్టణంలో యువతకు వృత్తి శిక్షణ కేంద్రం కట్టాలి, చేయూతనివ్వండి అనే విజ్ఞప్తి వినగానే దాత మనసులో మొదట మెదిలేది ఒక భవనం. తరగతి గదులు, పనిశాల, ప్రవేశద్వారం పక్కన దాతల పేర్లు చెక్కిన శిలాఫలకం. విజ్ఞప్తి చేసేవారు కూడా ఆ భవనం నమూనా చిత్రాన్నే ముందుగా చూపుతారు. అయితే ఇలాంటి ప్రయత్నాల చరిత్రను పరిశీలిస్తే, ఒక కేంద్రం పది కాలాల పాటు నిలవడానికి భవనం ఒక్కటే చాలదని తెలుస్తుంది. బోధకుల జీతాలు, పనిముట్లు, ముడిసరుకు, ధ్రువపత్రానికి గుర్తింపు, నేర్చుకున్న పనికి గిరాకీ అనే ఐదు అంశాలే దాని భవితవ్యాన్ని తేల్చుతాయి.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి పుదుచ్చేరి తగిన చోటు. రెండు వందల ఏళ్ల కిందటే ఈ పట్టణానికి పశ్చిమ ఆఫ్రికాతో గట్టి బంధం ఉంది. అక్కడా ఇక్కడా ఏకకాలంలో పనిచేసిన సేవాసంస్థ నడిపే శిక్షణ కేంద్రం నేటికీ ఇక్కడ కొనసాగుతోంది. విదేశాల నుంచి విరాళాలు అందుకోవడం ఈ ప్రాంతపు సంస్థలకు బాగా అలవాటు. అదే విరాళం ఇక్కడి నుంచి బయటి దేశానికి వెళ్లవలసి వస్తే దారి అంత సులువు కాదు. చట్టం, ఖర్చు, చరిత్ర అనే మూడు వైపుల నుంచీ ఈ వ్యవహారాన్ని చూడవలసి ఉంటుంది.

నీలి గుడ్డ కలిపిన బంధం

పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉన్న రోజుల్లో ఇక్కడ నీలిమందుతో అద్దకం వేసిన నూలు వస్త్రానికి 'గినీ' అని పేరు. ఆఫ్రికా పశ్చిమ తీరానికి యూరోపియన్లు పెట్టిన పేరే ఆ గుడ్డకూ వచ్చింది. ఓడల్లో సెనెగల్ నది ముఖద్వారం వద్దనున్న సెయింట్ లూయీ రేవుకు ఈ వస్త్రం చేరేది. నదికి ఉత్తరాన ఉన్న మూర్ వర్తకులు తుమ్మ జిగురు ఇచ్చి, బదులుగా ఈ నీలి గుడ్డ తీసుకునేవారు. యూరప్‌లో వస్త్రాలపై అచ్చులు వేసే పరిశ్రమకు ఆ జిగురు అవసరం. ఆ నదీ ప్రాంతంలో గినీ వస్త్రం తాను దాదాపు నాణెంలా చెలామణి అయింది. సరుకుల విలువను తానుల లెక్కన చెప్పుకునేవారు.

ఈ చరిత్రకు చీకటి కోణం కూడా ఉంది. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరపు వస్త్రాలను యూరోపియన్ వర్తకులు ఆఫ్రికాలో మనుషుల్ని బానిసలుగా కొనుగోలు చేయడానికి కూడా వాడారు. తీరాంధ్ర నేతగాళ్ల నేత కూడా ఆ సరుకుల్లో ఉండేది. అందుచేత ఆఫ్రికాతో ఈ తీరానికి ఉన్న సంబంధాన్ని కేవలం స్నేహ గాథగా చెప్పడం కుదరదు.

1820ల చివర పుదుచ్చేరిలో యంత్రాలతో నడిచే నూలు మిల్లు వెలిసింది. 1898లో ఆంగ్లో ఫ్రెంచి మిల్లు ప్రారంభమైంది. తరతరాలుగా వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఈ పరిశ్రమ 20వ శతాబ్దపు చివరి దశకాల నుంచి క్షీణిస్తూ వచ్చింది. ఆంగ్లో ఫ్రెంచి మిల్లు చివరకు 2020లో పూర్తిగా మూతపడింది. పనితనం తెలిసిన చేతులు ఎన్ని ఉన్నా, కొనేవారు లేకపోతే ఆ పని నిలవదని పుదుచ్చేరి స్వానుభవంతో తెలుసుకుంది. శిక్షణ కేంద్రం కట్టాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం కూడా ఇదే.

రెండు ఖండాల్లో ఒకే సంస్థ

వృత్తి శిక్షణ విషయంలో పుదుచ్చేరిని ఆఫ్రికాతో నేరుగా కలిపే సంస్థ సెయింట్ జోసెఫ్ ఆఫ్ క్లూనీ సన్యాసినుల సంఘం. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్ మరీ జావుహే 1807లో దీనిని స్థాపించారు. ఈ సంఘం సన్యాసినులు 1817లో హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు వెళ్లారు. 1819లో సెనెగల్ చేరారు. 1827లో పుదుచ్చేరికి వచ్చారు.

జావుహే 1822లో స్వయంగా సెనెగల్ వెళ్లి ఆస్పత్రి సేవతో పాటు స్థానికులకు వ్యవసాయం నేర్పే ప్రయత్నం కూడా చేశారు. ఆ తర్వాత కొందరు ఆఫ్రికన్ బాలబాలికలను ఫ్రాన్స్‌కు తీసుకువెళ్లి చదివించాలని సంకల్పించారు. వారిలో ముగ్గురు 1840లో పూజారులుగా అభిషిక్తులై స్వదేశానికి తిరిగి వెళ్లారు. కానీ అక్కడి చలిని, వ్యాధులను తట్టుకోలేక మరికొందరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. సదుద్దేశంతో మొదలైన పనికి చెల్లించవలసి వచ్చిన మూల్యం అది. నేర్పేవారు నేర్చుకునేవారి దగ్గరికి వెళ్లాలా, నేర్చుకునేవారిని తమ దగ్గరికి రప్పించుకోవాలా అనే ప్రశ్న నాటి నుంచే ఉంది.

పుదుచ్చేరిలో అదే సంఘం నడిపే క్లూనీ ఎంబ్రాయిడరీ కేంద్రం రోమెయిన్ రోలాండ్ వీధిలో రెండు శతాబ్దాలు పైబడిన ఫ్రెంచి ఇంట్లో ఉంది. పేద కుటుంబాల మహిళలు అక్కడ సూది పని చేస్తారు. మేజా బట్టలు, చేతి రుమాళ్లు, పక్క దుప్పట్లపై వారు కుట్టిన పూలను అదే ప్రాంగణంలో అమ్ముతారు. ఆ ఇంటిని శిక్షణ కోసం ప్రత్యేకంగా కట్టలేదు. ఉన్న ఇంట్లోనే పని మొదలైంది. నేర్పడం, తయారీ, అమ్మకం ఒకే గొడుగు కింద సాగడమే ఆ కేంద్రాన్ని నిలబెట్టింది. సరుకు కొనే పర్యాటకులు ఆ వీధుల్లోకే వస్తారు కాబట్టి గిరాకీ కోసం దూరం వెళ్లవలసిన పని లేదు.

డర్బన్ నేర్పిన పాఠం

ఆఫ్రికా గడ్డపై భారతీయులు చందాలు పోగుచేసి వృత్తి విద్యాసంస్థ కట్టుకున్న ఘట్టం దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉంది. ఆ కథలో తెలుగువారికి కూడా చోటుంది.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల్లో పనికోసం ఒప్పంద కూలీలను తీసుకువెళ్లిన మొదటి ఓడ అది. 1911 వరకు సాగిన ఆ వలసలో మద్రాసు రేవు నుంచి తమిళులతో పాటు విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు కూడా వెళ్లారు. ఒప్పందం ముగిసిన తర్వాత చాలామంది అక్కడే స్థిరపడ్డారు. వారి పిల్లలకు బడులు తక్కువ, నైపుణ్యం నేర్పే సంస్థలు అసలే లేవు. 1922 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం విధించిన విద్యార్హతలు భారతీయ యువకులను నైపుణ్య ఉద్యోగాలకు మరింత దూరం చేశాయి.

1927లో భారత ప్రభుత్వ తొలి ఏజెంటుగా వెళ్లిన వి.ఎస్.శ్రీనివాస శాస్త్రి ఈ సమస్యపై దృష్టి పెట్టారు. అక్కడి భారతీయుల నుంచి చందాలు సేకరించి ఉన్నత విద్యకు, ఉపాధ్యాయ శిక్షణకు ఒక కళాశాల కట్టించే పనికి పూనుకున్నారు. 1929 అక్టోబర్‌లో శాస్త్రి కళాశాల ప్రారంభమైంది. అప్పటికి ఏజెంటు పదవిలో ఉన్నవారు తెలుగువారైన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. తర్వాతి కాలంలో, 1937లో మద్రాసు ప్రావిన్సుకు ఆయన కొద్ది నెలలు ముఖ్యమంత్రిగా కూడా ఉన్నారు. శాస్త్రి కళాశాల విషయంలో గమనించదగిన అంశం ఒకటుంది. భవనానికి సమాజం చందాలిచ్చింది, నిర్వహణ బాధ్యతను ప్రభుత్వం తీసుకుంది. ఎవరు ఏది భరించాలో ముందే తేలడం వల్ల కళాశాల నిలదొక్కుకుంది.

వృత్తి విద్య కథ మరింత ఆసక్తికరం. 1930 ప్రాంతంలో డర్బన్ భారతీయులు సాయంకాలపు సాంకేతిక తరగతులు మొదలుపెట్టారు. సొంత భవనం లేదు. ఉన్న పాఠశాలల గదులను పని వేళలు ముగిశాక వాడుకున్నారు. పగలంతా పనిచేసి వచ్చినవారు సాయంత్రం చదువుకునేవారు. ఏళ్ల తరబడి అలా నడిచిన తరగతులే సొంత కళాశాల కావాలనే కోరికకు బలమిచ్చాయి.

ఆ కోరికకు ఊపిరి పోసిన ప్రధాన దాత హాజీ ఎం.ఎల్.సుల్తాన్. దక్షిణ భారతం నుంచి 1890లో పదహారేళ్ల ప్రాయంలో ఒప్పంద కూలీగా వెళ్లి, రైల్వేలో పనిచేసి, ఆ తర్వాత అరటి సాగుతో నిలదొక్కుకున్న వ్యక్తి ఆయన. 1940లలో ఆయన ఇచ్చిన భారీ విరాళానికి సమాజం చందాలు, ప్రభుత్వ సాయం తోడయ్యాయి. 1946లో ఆ సంస్థ ఎం.ఎల్.సుల్తాన్ సాంకేతిక కళాశాల అయింది. సుల్తాన్ 1953లో కన్నుమూశారు. సొంత భవనం 1956లో ప్రారంభమైంది. అంటే తొలి తరగతులకు, సొంత భవనానికి మధ్య పాతికేళ్లు గడిచాయి. 2002లో మరో సంస్థతో విలీనమైన ఆ కళాశాల నేడు డర్బన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగం.

ఆ పాతికేళ్ల జాప్యానికి వర్ణవివక్ష కూడా కారణమే. దానిని ఆదర్శంగా చెప్పలేం. అయినా ఫలితం మాత్రం స్పష్టం. భవనం సిద్ధమయ్యేసరికి విద్యార్థులు, బోధకులు, పాఠ్యక్రమం, పరీక్షలు అన్నీ అప్పటికే ఉన్నాయి. తరగతులు గదుల కోసం ఎదురుచూడలేదు. నిండిన తరగతులకే గదులు వచ్చాయి.

నేటి ఆఫ్రికాలో అవసరం ఎంత

ఆఫ్రికా ప్రపంచంలోనే అతి పిన్న వయసు జనాభా ఉన్న ఖండం. అక్కడి జనాభాలో సగం మంది ఇరవై ఏళ్ల లోపువారే. ఏటా కోటి నుంచి 1.2 కోట్ల మంది యువత ఉపాధి కోసం వస్తుండగా, సంఘటిత రంగంలో పుట్టుకొచ్చే ఉద్యోగాలు సుమారు 30 లక్షలేనని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అంచనా. మిగిలినవారంతా చిన్న దుకాణాలు, మరమ్మతు షెడ్లు, వ్యవసాయం, వీధి వ్యాపారాల్లోనే బతుకుతెరువు వెతుక్కోవాలి.

అలాగని ఆఫ్రికాలో వృత్తి శిక్షణే లేదని భావించడం పొరపాటు. పశ్చిమ ఆఫ్రికాలో మెకానిక్‌లు, దర్జీలు, వడ్రంగులు, కమ్మరుల దగ్గర పిల్లలు శిష్యులుగా చేరి ఏళ్ల తరబడి పని నేర్చుకునే సంప్రదాయం బలంగా ఉంది. మన ఊళ్లలో మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడు మేస్త్రీ దగ్గర పని పట్టుకున్నట్టే అక్కడా జరుగుతుంది. కొత్త కేంద్రం ఆ మేస్త్రీలను పక్కన పెట్టి మొదలైతే వారితో పోటీ తప్పదు. వారినే బోధకులుగా తీసుకుంటే ఊరి నమ్మకం దక్కుతుంది, స్థానికంగా ఏ పనికి గిరాకీ ఉందో తెలుస్తుంది.

ప్రతి దేశానికీ సొంత నియంత్రణ సంస్థలు ఉన్నాయి. టాంజానియాలో 1994 నాటి చట్టంతో ఏర్పడిన 'వేటా' అనే ప్రాధికార సంస్థ వృత్తి శిక్షణను పర్యవేక్షిస్తుంది. కెన్యాలో 2013 నాటి చట్టం ప్రకారం శిక్షణ సంస్థలకు అనుమతి తప్పనిసరి. మన దేశంలో ఐటీఐ ధ్రువపత్రానికి విలువ వచ్చేది జాతీయ స్థాయి గుర్తింపు వల్ల. అక్కడా అంతే. గుర్తింపు లేని కేంద్రం ఇచ్చే కాగితం గోడకు తగిలించుకోవడానికి తప్ప ఉద్యోగానికి పనికిరాదు.

భారత చట్టాలు ఏమంటాయి

పుదుచ్చేరిలో విరాళాలు సేకరించి ఆఫ్రికాకు పంపాలనుకునే సంస్థకు మొదట ఎదురయ్యేది ఆదాయపు పన్ను చట్టం. ధార్మిక ట్రస్టులు తమ ఆదాయాన్ని దేశంలో ధర్మకార్యాలకు వెచ్చిస్తేనే సాధారణంగా పన్ను మినహాయింపు లభిస్తుంది. ఆదాయపు పన్ను చట్టం ఇందుకు ఒక సడలింపు ఇచ్చింది. 1952 ఏప్రిల్ 1 తర్వాత ఏర్పడిన ట్రస్టు, భారత్‌కు ఆసక్తి ఉన్న అంతర్జాతీయ సంక్షేమం కోసం విదేశంలో ఖర్చు చేస్తే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సాధారణ లేదా ప్రత్యేక ఉత్తర్వుతో ఆ ఆదాయానికి మినహాయింపు వర్తింపజేయవచ్చు. ఆ ఉత్తర్వు లేకుండా విదేశంలో ఖర్చు చేస్తే పన్ను భారం ట్రస్టు మీద పడుతుంది. అందుచేత చందా పుస్తకం అచ్చువేయించడానికి ముందే ఆడిటర్ సలహా తీసుకోవడం అవసరం.

రెండోది, విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చే విరాళానికి దాతకు ఆదాయపు పన్ను రాయితీ రాదు. భారత్‌లో ఏర్పాటై, ఆదాయపు పన్ను శాఖ ఆమోదం పొందిన సంస్థలకు ఇచ్చిన విరాళాలకే అది వర్తిస్తుంది. వాటికి కూడా రూ.2,000 మించి నగదుగా ఇస్తే రాయితీ లభించదు.

మూడోది, విదేశీ మారక ద్రవ్య నిబంధనలు. భారత్‌లో నివసించే వ్యక్తి రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. విరాళాలు కూడా ఈ పరిమితిలోకే వస్తాయి. పాన్ నంబరు, నిర్ణీత దరఖాస్తు తప్పనిసరి. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఇలాంటి చెల్లింపులు ఏడాదిలో రూ.10 లక్షలు దాటితే, దాటిన మొత్తంపై 20 శాతం పన్నును బ్యాంకు ముందుగా వసూలు చేస్తుంది. రిటర్నులు దాఖలు చేసేటప్పుడు దీనిని సర్దుబాటు చేసుకోవచ్చు. అయితే ఈ పథకం వ్యక్తులకే పరిమితం. ట్రస్టులు, కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు దీనిని వాడుకోవడానికి వీల్లేదు.

నాలుగోది, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద వెచ్చించే ఈ నిధులు దేశంలోనే ఖర్చు కావాలి. 2021 జనవరిలో సవరించిన నిబంధనలు దీనిని మరింత స్పష్టం చేశాయి. భారత క్రీడాకారుల శిక్షణ తప్ప విదేశాల్లో చేసే ఏ పనినీ సామాజిక బాధ్యత కింద లెక్కించరు. ఆఫ్రికాలో కేంద్రానికి ఈ నిధులు ఇస్తామని ఏ కంపెనీ అయినా చెబితే, అది ఆ ఖాతాలోకి రాదని గ్రహించాలి.

ఐదోది, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. ఫ్రాన్స్ నుంచో మరో దేశం నుంచో పుదుచ్చేరి సంస్థకు వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు బదలాయించడాన్ని 2020 సవరణ నిషేధించింది. కాబట్టి విదేశీ దాతల డబ్బును ఇక్కడ పోగుచేసి ఆఫ్రికాలోని భాగస్వామికి పంపే దారి మూసుకుపోయింది. అలాంటి దాతలు ఆ దేశంలోని నమోదిత సంస్థకు నేరుగా ఇవ్వడమే సరైన మార్గం.

ఈ నిబంధనల ఉద్దేశం ఉదారతను అడ్డుకోవడం కాదు. సేవ పేరుతో డబ్బు లెక్క లేకుండా సరిహద్దులు దాటకుండా చూడటం. అయితే వీటిని తెలుసుకోకుండా చందాలు వసూలు చేసిన సంస్థ, చేతిలో డబ్బు ఉండి కూడా పంపలేని స్థితిలో పడుతుంది. అప్పుడు నష్టపోయేది దాతల నమ్మకం, అవతల ఎదురుచూసే యువత కాలం.

భవనమే తొలి పాఠం కావచ్చు

భవనం అవసరం లేదని దీని అర్థం కాదు. వెల్డింగ్‌కు, వడ్రంగానికి, విద్యుత్ పనికి నీడ, గాలి, భద్రత ఉన్న పనిశాల కావలసిందే. దానిని ఎలా కట్టాలన్నదే ప్రశ్న. దీనికి పుదుచ్చేరి పొరుగునే ఒక సమాధానం ఉంది. పట్టణానికి ఉత్తరాన, తమిళనాడులోని విలుప్పురం జిల్లా పరిధిలో ఎక్కువగా విస్తరించిన ఆరోవిల్‌లో 1989 నుంచి మట్టి కట్టడాలపై పనిచేస్తున్న ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అనేక దేశాల వారు అక్కడికి వచ్చి శిక్షణ పొందారు. అక్కడ రూపొందిన 'ఆరం 3000' అనే చేతి యంత్రం ఆఫ్రికా దేశాలకు కూడా ఎగుమతి అయింది.

ఆ పద్ధతి సులువైనదే. తగిన పాళ్లలో ఇసుక, బంక ఉన్న మట్టిని జల్లెడ పట్టి, సుమారు 5 శాతం సిమెంటు, కొద్దిపాటి నీరు కలిపి యంత్రంలో నొక్కితే ఇటుక తయారవుతుంది. దానిని బట్టీలో కాల్చనక్కర్లేదు. సుమారు నాలుగు వారాలు తడిపి ఉంచితే చాలు. కట్టెల ఖర్చు తగ్గుతుంది, మట్టి చాలావరకు అక్కడే దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇటుకలు చేయడం, గోడ కట్టడం తొలి విడత విద్యార్థులకు శిక్షణగా మారుతుంది. కేంద్రం పూర్తయ్యేసరికి తాపీ పని తెలిసిన ఒక బృందం సిద్ధంగా ఉంటుంది. దాత ఇచ్చిన రూపాయి ఇలా రెండు విధాల పనిచేస్తుంది.

ఇదే పద్ధతిలో నిర్మించిన ఆరోవిల్ సందర్శకుల కేంద్రానికి 1992లో హసన్ ఫతి పేరిట ఉన్న పురస్కారం లభించింది. హసన్ ఫతి ఈజిప్టు వాస్తుశిల్పి. 1940లలో లక్సర్ సమీపంలో ఆయన మట్టి ఇటుకలతో కొత్త గుర్నా అనే ఊరిని నిర్మించారు. అందమైన ఇళ్లు, మసీదు, బడి, చేతివృత్తులకు చోటు అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఎవరి కోసం కట్టారో ఆ పాత గుర్నా వాసుల్లో చాలామంది అక్కడికి మారడానికి ఒప్పుకోలేదు. వారి జీవనాధారం పాత ఊరితోనే ముడిపడి ఉంది. ఎంత గొప్ప శిల్పి కట్టినా, ఎంత మంచి మనసుతో కట్టినా, అందులో ఉండవలసినవారి సమ్మతి లేని కట్టడం ఖాళీగా మిగులుతుందని ఆ అనుభవం చాటింది.

ఇటుక కాదు, విద్య పంపడం

భవనం ఊసే లేకుండా సాగిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. రాజస్థాన్‌లోని తిలోనియాలో ఉన్న బేర్‌ఫుట్ కళాశాల ఆఫ్రికా గ్రామాల నుంచి, చదువు రాని నడివయసు మహిళలను రప్పించి ఆరు నెలల పాటు సౌర దీపాల అమరిక, మరమ్మతు నేర్పింది. భారత ప్రభుత్వం 1964లో ప్రారంభించిన సాంకేతిక ఆర్థిక సహకార కార్యక్రమం, అంటే 'ఐటెక్', ఇందుకు తోడ్పడింది. మాట అర్థం కాకపోయినా రంగులు, సంజ్ఞలు, చేత్తో చేయించడం ద్వారా పాఠం నడిచింది. ఊరికి తిరిగి వెళ్లాక దీపాల నిర్వహణకు గ్రామస్థులే నెలవారీ రుసుము చెల్లించే ఏర్పాటు చేశారు. అంతకుముందు కిరోసిన్‌కు పెట్టిన ఖర్చే ఇప్పుడు ఆ మహిళకు జీతమైంది.

ప్రభుత్వ స్థాయిలోనూ ఈ ఆలోచన కనిపిస్తుంది. 2008లో న్యూఢిల్లీలో, 2011లో అడిస్ అబాబాలో, 2015లో మళ్లీ న్యూఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సుల్లో నైపుణ్య శిక్షణకు ప్రాధాన్యం దక్కింది. 2015 సదస్సులో భారత్ 60 కోట్ల డాలర్ల గ్రాంటు సాయంతో పాటు ఐదేళ్లలో 50,000 ఉపకార వేతనాలు ప్రకటించింది.

ఇక్కడే పుదుచ్చేరికి ఉన్న ప్రత్యేక బలం అక్కరకు వస్తుంది. సెనెగల్, మాలి, మడగాస్కర్ వంటి దేశాల్లో చదువుకు, పాలనకు ఫ్రెంచి వాడుతున్నారు. 1826లో స్థాపితమైన ఫ్రెంచి లిసే ఉన్న పుదుచ్చేరిలో ఫ్రెంచి మాట్లాడగలిగిన వృత్తి నిపుణులు, విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. యంత్రం కొనడానికి డబ్బు ఎక్కడైనా దొరకవచ్చు. ఆ యంత్రాన్ని విద్యార్థికి తెలిసిన భాషలో వివరించే బోధకుడు దొరకడమే కష్టం. ఆరు నెలలు వెళ్లి స్థానిక బోధకులకు తర్ఫీదునిచ్చి రాగలిగిన ఒక ఫిట్టరు లేదా ఎలక్ట్రీషియన్ ఇచ్చే సేవ పెద్ద విరాళానికి ఏమాత్రం తీసిపోదు.

యంత్రాల విషయంలోనూ కొంత సౌలభ్యం ఉంది. కెన్యా, టాంజానియా, సెనెగల్‌లలో విద్యుత్ సరఫరా భారత్‌లో మాదిరే 50 హెర్ట్జ్ పౌనఃపున్యంతో ఉంటుంది. ఓల్టేజి కూడా దాదాపు సమానం. ఇక్కడి మోటార్లు అక్కడా పనిచేస్తాయి, ప్లగ్గుల ఆకారమే మారుతుంది. అయితే విడిభాగాలు స్థానికంగా దొరకని యంత్రాన్ని పంపితే మొదటి మరమ్మతుతోనే అది మూలన పడుతుంది. కాబట్టి ఆ ఊరి బజారులో ఏ రకం కుట్టు మిషన్లు, ఏ రకం వెల్డింగ్ యంత్రాలు వాడుతున్నారో చూసి వాటినే కొనడం మేలు.

దాత అడగవలసిన ప్రశ్నలు

విరాళం కోరే సంస్థను ప్రశ్నించడం అవమానించడం కాదు. సమాధానం సిద్ధంగా ఉన్న సంస్థకు ఆ ప్రశ్నలే బలం.

స్థలం ఎవరి పేరున ఉంది? ఆఫ్రికాలో చాలాచోట్ల భూమిపై సంప్రదాయ హక్కులు, ప్రభుత్వ హక్కులు కలగలిసి ఉంటాయి. ఊరి పెద్ద మాటగా ఇచ్చిన స్థలానికి రాతపూర్వక పత్రం లేకపోతే కట్టడం వివాదంలో పడవచ్చు.

ఆ దేశంలో భాగస్వామి సంస్థ నమోదైందా? శిక్షణకు అక్కడి ప్రాధికార సంస్థ అనుమతి ఉందా? ఏ వృత్తులు నేర్పాలో ఎవరు నిర్ణయించారు? ఊరిలోని వర్క్‌షాపుల యజమానులు, మహిళలు, యువకులు ఆ సంప్రదింపుల్లో ఉన్నారా?

భవనం పూర్తయ్యాక మొదటి మూడేళ్ల జీతాలు, ముడిసరుకు ఎవరు భరిస్తారు? వెల్డింగ్ నేర్చుకునే విద్యార్థికి రోజూ ఇనుము, రాడ్లు కావాలి. దర్జీ పని నేర్చుకునే అమ్మాయికి గుడ్డ, దారం కావాలి. వీటికి బడ్జెట్టు లేకపోతే పాఠం నల్లబల్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ విరాళం ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం గోడలకు ఉపయోగపడుతుంది. నెలనెలా వచ్చే చిన్న మొత్తం బోధకుణ్ని నిలబెడుతుంది. నెలకు రూ.500 చొప్పున 500 మంది ఇస్తే ఏడాదికి రూ.30 లక్షలు అవుతాయి. ఫలకంపై పేరు రాకపోయినా కేంద్రం తలుపులు తెరిచి ఉంచేది ఆ డబ్బే.

అమ్మాయిలకు చోటు ఉందా అన్నది మరో ప్రశ్న. దూరం నుంచి వచ్చేవారికి సురక్షితమైన వసతి, పసిబిడ్డలున్న తల్లులకు బిడ్డను ఉంచుకునే చోటు లేకపోతే ప్రవేశాలు కాగితంపైనే సమానంగా ఉంటాయి.

చివరిది, లెక్క. ఎంత వచ్చింది, ఎంత పంపారు, మారకంలో ఎంత పోయింది, ఎంత ఖర్చయింది అన్నది తనిఖీ చేయించి దాతలకు ఏటా తెలపాలి. ఎందరు చేరారు అనే సంఖ్యతో పాటు, ఎందరు పూర్తిచేశారు, ఏడాది తర్వాత ఎందరు ఆ పనితోనే బతుకుతున్నారు అనే సంఖ్య కూడా చెప్పాలి. కేంద్రం విజయాన్ని కొలిచే అసలు కొలబద్ద అదే.

డర్బన్‌లో సాయంకాలపు తరగతుల్లో కూర్చున్నవారికి సొంత గది లేదు. పుదుచ్చేరిలో సూది పని నేర్చుకునే మహిళలు చేరింది పాత ఇంట్లోనే. ఆ రెండు చోట్లా నేర్పేవారు ఉన్నారు, నేర్చుకునే అవసరం ఉంది, నేర్చిన పనికి విలువ ఉంది. ఆఫ్రికాలో కొత్తగా శిక్షణ కేంద్రం తలపెట్టేవారు ఒక అద్దె షెడ్డులో, ఒక మేస్త్రీతో, ఇరవై మంది విద్యార్థులతో తొలి ఏడాది తరగతులు నడిపి చూపగలిగితే, భవనం కోసం చేసే విజ్ఞప్తికి అంతకు మించిన సిఫారసు ఉండదు. ఆ ఇరవై మందిలో ఎందరికి పని దొరికిందో చెప్పే కాగితం, భవనం నమూనా చిత్రం కంటే దాతకు ఎక్కువ నమ్మకాన్ని ఇస్తుంది.